తిరగబడిన ఫజ్ బోర్డు

జిరాక్స్ షాపు కుర్రాడు మౌస్ మీద చెయ్యి పెట్టి, "మిర్రర్ పెట్టాలా అన్నా?" అని అడిగాడు. రెండు క్షణాలు ఆలోచించి, అంతా తెలిసినవాడిలా "పెట్టు" అన్నాను. గిటార్ ఫజ్ పెడల్‌కి ఇంట్లోనే చేసుకుందామనుకున్న బోర్డు బొమ్మ అది, మిర్రర్ అంటే కుడి ఎడమలు తిప్పి ప్రింట్ తియ్యడం. ఆ ఒక్క మాటకి ఒక సాయంత్రం మొత్తం పోయింది. రాగి మీద గీతలు శుభ్రంగా దిగాయి, ఎచింగ్ (అక్కర్లేని రాగిని ద్రావణంలో కరిగించడం) బాగా కుదిరింది, బిట్ విరగకుండా హోల్స్ కూడా పడ్డాయి. తీరా ట్రాన్సిస్టర్ పెట్టబోతే కాళ్లు తారుమారు. బోర్డు మొత్తం అద్దంలో చూసిన బొమ్మలా తయారైంది.

గిటార్ పెడల్‌కి, అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే డబ్బాకి, ఇంట్లోనే పిసిబి (పార్టుల్ని రాగి గీతలతో కలిపే అచ్చు బోర్డు) చేసుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా భయపడేది ఎచింగ్ ద్రావణం గురించి. జాగ్రత్త అవసరమే కానీ, పని చెడేది అక్కడ కాదు. నేను చూసినంతలో చెడేది రెండు చోట్ల. బోర్డుని ఏ వైపు నుంచి చూస్తున్నామో మర్చిపోవడం ఒకటి, ఏ ట్రాక్ (రాగి గీత) పక్కన ఏ ట్రాక్ నడుస్తోందో పట్టించుకోకపోవడం రెండోది. మొదటిదాంతో పెడల్ పలకదు. రెండోదాంతో పలకకూడనివన్నీ పలుకుతుంది.

మాటలు గాల్లో పోకుండా ఒక సర్క్యూట్‌ని ఎదురుగా పెట్టుకుందాం. ఫజ్ ఫేస్. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన పెడల్ ఇది. మైక్ స్టాండ్ కింద ఉండే గుండ్రటి దిమ్మలాంటి డబ్బా, దాని మీద రెండు నాబ్‌లు, ఒక స్విచ్. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కాలి కింద ఉండేది ఇలాంటిదే. ఫజ్ అనే శబ్దం మాత్రం అంతకు ముందే పుట్టింది, అదీ ఒక రిపేరు సమస్యగా. 1961లో విడుదలైన అమెరికన్ గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకదాన్ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా మిక్సర్‌లో ఒక చానెల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ చినిగిన గుడ్డలా బరబరమంటూ వచ్చింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. తర్వాత ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ చెడిన శబ్దాన్నే కావాలని పుట్టించే సర్క్యూట్‌ని ట్రాన్సిస్టర్లతో కట్టాడు. 1962లో గిబ్సన్ వాళ్లు దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టారు.

ఫజ్ ఫేస్‌లో ఉన్నవి 11 పార్టులే. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు). రెసిస్టర్లు 33 కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు), 8.2 కె, 470 ఓమ్, 100 కె. కెపాసిటర్లు 2.2, 20, 0.01 మైక్రోఫారడ్. ఫజ్ పాట్ 1 కె, వాల్యూమ్ పాట్ 500 కె. దీనికంటే ఎక్కువ పార్టులు మన ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్‌లో ఉంటాయేమో. కొత్తగా బోర్డు చేసేవాళ్లకి ఇంతకంటే మంచి సర్క్యూట్ దొరకదు.

గోదావరి లంకల్లా

సర్క్యూట్ డయాగ్రాంలో గీతలు చూసి బోర్డు మీద కూడా అలాంటి గీతలే వెయ్యాలనుకుంటే తికమక మొదలవుతుంది. గీతల్ని కాసేపు మర్చిపోండి. బోర్డు అంటే గోదావరి మధ్య లంకలు అనుకోండి. రాగి ఉన్న ప్రతి ముక్కా ఒక లంక. ఎచింగ్ ద్రావణం వాటి మధ్య పారే పాయ. పార్టులు ఒక లంక నుంచి ఇంకో లంకకి వేసిన వంతెనలు. ఒకే లంక మీద కాళ్లు పెట్టినవన్నీ కరెంటు దృష్టిలో ఒకే చోట ఉన్నట్టు. ఆ లంక సన్నగా ఉన్నా, వెడల్పుగా ఉన్నా, వంకరగా ఉన్నా సర్క్యూట్‌కి అనవసరం.

ఈ లెక్కన ఫజ్ ఫేస్‌కి ఎన్ని లంకలు కావాలి? (ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు కలెక్టర్, బేస్, ఎమిటర్.) గిటార్ నుంచి వైరు వచ్చి ఇన్‌పుట్ కెపాసిటర్‌ని కలిసే చోటు ఒకటి. ఆ కెపాసిటర్ రెండో కాలు, 100 కె రెసిస్టర్, మొదటి ట్రాన్సిస్టర్ బేస్ కలిసేది రెండు. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్, 33 కె, రెండో ట్రాన్సిస్టర్ బేస్ కలిసేది మూడు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్, 8.2 కె కలిసేది నాలుగు. 8.2 కె రెండో కాలు, 470 ఓమ్, బయటికెళ్లే 0.01 కెపాసిటర్ కలిసేది ఐదు. రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్, 100 కె రెండో కాలు, ఫజ్ పాట్ ఒక కొస ఆరు. ఫజ్ పాట్ మధ్య కాలు, 20 మైక్రోఫారడ్ ఏడు. 0.01 రెండో కాలు, వాల్యూమ్ పాట్‌కి వెళ్లే వైరు ఎనిమిది. 9 వోల్టుల ప్లస్ తొమ్మిది. గ్రౌండ్ పది. వాల్యూమ్ పాట్ మధ్య కాలు నేరుగా అవుట్‌పుట్ జాక్‌కి పోతుంది కాబట్టి దానికి బోర్డు మీద చోటే అక్కర్లేదు.

అంటే పది లంకలు. ఒక కాగితం మీద పార్టుల్ని నిజం సైజులో పరిచి, ఒకే లంకకి చెందిన కాళ్లన్నిటినీ ఒకే రంగు స్కెచ్‌తో చుట్టండి. రంగులు ఒకదాన్ని ఒకటి దాటకుండా కుదిరితే లేఅవుట్ అయిపోయినట్టే. ఎక్కడైనా దాటక తప్పకపోతే పైనుంచి ఒక జంపర్ వైరు వేస్తే సరి. జంపర్ వెయ్యడం చేతకానితనం అనుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్లున్నారు. నేనూ కూర్చున్నాను, అనవసరంగా.

పది లంకల బోర్డుకి ప్రింటర్ కూడా అక్కర్లేదు, పర్మనెంట్ మార్కర్‌తో రెండు కోట్లు నేరుగా రాగి మీద గీస్తే చాలు. అంతకు ముందు తరం వాళ్లు ఎనామెల్ పెయింట్, సన్న బ్రష్షు వాడేవారు. నెయిల్ పాలిష్ కూడా పనిచేస్తుంది. ద్రావణం తాకకుండా ఏది కప్పితే దాని కింద రాగి మిగులుతుంది. అచ్చు బోర్డు సూత్రమంతా ఇదే. 1936లో పాల్ ఐస్లర్ అనే ఆస్ట్రియన్ ఇంజనీర్ లండన్‌లో ఇలాంటి బోర్డుతో రేడియో కట్టి చూపించినప్పుడూ ఆలోచన ఇదే. పుస్తకాలు అచ్చేసే పద్ధతుల్నే ఆయన రాగి రేకు మీదికి తెచ్చాడు.

ఎటు నుంచి చూస్తున్నారు?

ఇప్పుడు జిరాక్స్ షాపు సంగతికి వద్దాం.

బోర్డుకి రెండు ముఖాలు. పార్టులు కూర్చునే పైముఖం, రాగి ఉండే అడుగుముఖం. లేఅవుట్ గీసేటప్పుడు మనం సాధారణంగా పైనుంచి చూస్తున్నట్టే గీస్తాం, బోర్డు గాజుపలక అయినట్టు, దాని గుండా అడుగున ఉన్న రాగి కనబడుతున్నట్టు. కీక్యాడ్ లాంటి బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్లు కూడా అడుగు లేయర్‌ని మామూలుగా ఇలాగే చూపిస్తాయి. ఆ బొమ్మని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి, ప్రింట్ వైపు రాగికి ఆనించి ఇస్త్రీ చేస్తే ఏమవుతుంది? పచ్చి గోరింటాకు ఉన్న అరచేతిని ఇంకొకరి చేతికి అద్దితే ముద్ర ఎలా పడుతుందో అలా, తిరగబడి అంటుకుంటుంది. బోర్డుని వెనక్కి తిప్పి అడుగు నుంచి చూసేటప్పుడు బొమ్మ తిరగబడే కదా కనబడాలి. లెక్క సరిపోయింది. పైనుంచి చూసి గీసిన బొమ్మకి మిర్రర్ అక్కర్లేదు, ఇస్త్రీయే మిర్రర్. నేను దాని మీద ఇంకో మిర్రర్ పెట్టించాను.

అదే మీ చేతిలో ఉన్న బొమ్మ రాగివైపు నుంచి చూసి గీసిందైతే, అప్పుడు మిర్రర్ పెట్టాలి. ఈ రెండు రకాల బొమ్మలూ చలామణిలో ఉన్నాయి. చాలాసార్లు ఏది ఏ వైపుదో బొమ్మ మీద రాసి ఉండదు. మార్కర్‌తో నేరుగా రాగి మీద గీసేవాళ్లకి ఇస్త్రీ మధ్యలో లేదు కాబట్టి, పైనుంచి గీసిన బొమ్మని వాళ్లు తిప్పుకుని గీయాలి. సూత్రం బట్టీ పడితే ఒక రోజు కాకపోతే ఒక రోజు తప్పు జరుగుతుంది. అందుకే నేను ఇప్పుడు ఒక్క పరీక్ష మాత్రం నమ్ముతాను. రాగి లేయర్‌లో ఓ మూల 7 అంకె వేస్తాను, పూర్తయిన రాగి మీద అది సవ్యంగా చదవగలిగేలా. అలాగైతే ఇస్త్రీకి ముందు కాగితం మీద 7 తిరగబడి కనబడాలి. కనబడిందా, ఇస్త్రీ పెట్టె తియ్యొచ్చు. తెలుగు అక్షరం వెయ్యాలని సరదాపడితే 'గ' మాత్రం వెయ్యకండి, అది అద్దంలోనూ దాదాపు అలాగే ఉంటుంది.

షాపులో చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, సైజు. ప్రింట్ డైలాగ్‌లో "ఫిట్ టు పేజ్" టిక్కు ఉంటే బొమ్మ చెప్పకుండా 97 శాతానికో 96కో తగ్గిపోతుంది. ఫజ్ ఫేస్‌కి అది పెద్ద దెబ్బ కాదు, రెసిస్టర్ కాళ్లని కొద్దిగా వంచుకోవచ్చు. 16 కాళ్ల ఐసీకి (చిప్‌కి) మాత్రం చివరి కాలు దగ్గరికొచ్చేసరికి తేడా పేరుకుంటుంది. కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు, ఏడు సందులకి 17.78. అది 97 శాతమైతే 17.25. అర మిల్లీమీటరు తేడా, ఐసీ కూర్చోదు. బొమ్మ పక్కన కచ్చితంగా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి, షాపులోనే స్కేలు పెట్టి కొలవండి. కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

టోనర్, రాగి, ద్రావణం

జిరాక్స్ మెషిన్ అయినా లేజర్ ప్రింటర్ అయినా వాడేది సిరా కాదు, టోనర్. అది రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. మెషిన్ దాన్ని వేడితో కరిగించి కాగితానికి అంటిస్తుంది, మనం మళ్లీ వేడిచేసి రాగికి అంటిస్తాం. ప్లాస్టిక్‌ని ఎచింగ్‌కి వాడే ఫెర్రిక్ క్లోరైడ్ తినదు, అందుకే ఇది పనిచేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింట్‌తో ఈ పని జరగదు. నున్నటి ఆర్ట్ పేపర్ వాడాలి, పాత వారపత్రిక రంగుల పేజీ అయినా సరే. టోనర్ సేవ్ మోడ్ తీసేసి, నలుపు ఎంత దట్టంగా వస్తే అంత మంచిది.

రాగిని స్కాచ్-బ్రైట్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో తోమి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత వేలు తాకకూడదు. టోనర్ అంటుకోని చోట్లలో సగం వేలిముద్రల ఆకారంలోనే ఉంటాయి. ఇస్త్రీ పెట్టెలో ఆవిరి ఆపి, కాటన్ సెట్టింగ్‌లో నాలుగైదు నిమిషాలు అదమాలి, అంచుల్ని మర్చిపోకుండా. అటూ ఇటూ రుద్దితే కాగితం జరిగి గీతలు అలుక్కుపోతాయి. చల్లారాక గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, కాగితాన్ని బొటనవేలితో మెల్లగా నలిపి తీసెయ్యాలి. ఓపిక లేక పీకితే టోనర్ కూడా లేచొస్తుంది. చిన్న చిన్న గాట్లుంటే మార్కర్‌తో దిద్దుకోవచ్చు.

ఇంకో పద్ధతి ఉంది, డ్రై ఫిల్మ్ ఫొటోరెసిస్ట్. రాగి మీద ఫిల్మ్ అంటించి, నెగటివ్ పెట్టి యూవీ లైటు చూపించి, బట్టల సోడా ద్రావణంలో డెవలప్ చెయ్యడం. సన్నటి గీతలకి ఇదే మేలు. పెడల్‌కి అంత సన్నదనం ఎందుకో నాకైతే అర్థం కాదు.

బోర్డు కొనేటప్పుడు రెండు రకాలు దొరుకుతాయి. కాగితాన్ని రెసిన్‌తో అదిమి చేసిన గోధుమరంగు ఫినాలిక్ ఒకటి, లేతాకుపచ్చగా ఉండే గ్లాస్ ఎపాక్సీ ఒకటి. మొదటిదాన్ని పాత మెకానిక్‌లు ఇప్పటికీ హైలం అంటారు. అది హైదరాబాద్‌లో తయారైన లామినేట్ బ్రాండు పేరు, వాడుకలో సరుకు పేరే అయిపోయింది. హైలం మెత్తగా ఉంటుంది, కొయ్యడం, హోల్ వెయ్యడం తేలిక. కానీ సాల్డరింగ్ ఐరన్ నాలుగు క్షణాలు ఎక్కువ ఆనిస్తే ప్యాడ్ (పార్టు కాలు అతికే రాగి చుట్టు) లేచిపోతుంది. గ్లాస్ ఎపాక్సీ గట్టిది, వేడికి ఆగుతుంది, కానీ అందులోని గాజు పీచు మామూలు స్టీలు బిట్‌ని పది ఇరవై హోల్స్‌కే మొండి చేస్తుంది. కార్బైడ్ బిట్ చాలా ఎక్కువ హోల్స్‌కి ఆగుతుంది, కాస్త పక్కకి ఒరిగితే మాత్రం టప్పున విరుగుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండూ అడిగి తెచ్చుకోవచ్చు. నా ఓటు గ్లాస్ ఎపాక్సీకి, కార్బైడ్ బిట్‌కి, డ్రిల్ స్టాండ్‌కి. కోసేటప్పుడు, హోల్స్ వేసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ గాజు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇక అందరూ భయపడే ఘట్టం. ఫెర్రిక్ క్లోరైడ్ రాగిని కరిగిస్తుంది. అందులోని ఇనుము ఒక మెట్టు దిగి ఫెర్రస్ క్లోరైడ్ అవుతుంది, రాగి క్లోరైడ్‌గా మారి నీళ్లలో కలుస్తుంది. ఎంత రాగి? ఐదు సెంటీమీటర్లకి నాలుగు సెంటీమీటర్ల బోర్డు అనుకుంటే, రాగి మందం సాధారణంగా 35 మైక్రాన్లు. మొత్తం రాగి బరువు సుమారు 0.6 గ్రాములు. అదంతా కరిగించినా లెక్కప్రకారం కావాల్సిన ఫెర్రిక్ క్లోరైడ్ మూడు గ్రాముల పైచిలుకే. వంద గ్రాముల పొట్లం చాలా బోర్డులకి వస్తుంది. నిజానికి అయిపోవడానికి చాలా ముందే ద్రావణం నీరసించి గంటలు తీసుకుంటుంది, అప్పుడు మారుస్తాం. అసలు అంత రాగిని కరిగించడమే దండగ. లంకల మధ్య పాయలు మాత్రం తవ్వి, మిగతా రాగినంతా గ్రౌండ్ లంకలో కలిపెయ్యండి. ద్రావణం మిగులుతుంది, పనీ తొందరగా అవుతుంది. ఆ పెద్ద గ్రౌండ్ లంక వల్ల ఇంకో లాభం కూడా ఉంది, కాసేపట్లో వస్తుంది.

జాగ్రత్తలు కొన్నే, కానీ గట్టివి. ప్లాస్టిక్ డబ్బానే వాడాలి, అల్యూమినియం, స్టీలు గిన్నెలు వద్దు, వాటినీ తినేస్తుంది. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యాలి, నీళ్లు తెచ్చి పొడి మీద పోస్తే ఒక్కసారి వేడెక్కి చిమ్ముతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, తెరిచిన కిటికీ ఉండాలి. డబ్బాని వేడినీళ్ల తొట్టెలో పెట్టి ద్రావణం నలభై డిగ్రీలకి అటూ ఇటూ ఉండేలా చూసుకుని, ఉయ్యాలలా ఊపుతూ ఉంటే పావుగంటలో అవుతుంది. వదిలేసి టీవీ ముందుకెళ్తే అరగంటైనా కాదు. బట్టల మీద పడిన మరక పోదు. మా ఇంట్లో వరండా గచ్చు మీద ఒక తుప్పు రంగు చుక్క ఉంది, దాన్ని చూపించకుండా ఇంట్లోవాళ్లు చుట్టాలకి నన్ను పరిచయం చెయ్యరు.

వాడేసిన ద్రావణాన్ని సింకులోనో కాలవలోనో పొయ్యకూడదు. అందులో కరిగిన రాగి నీటిలోని జీవులకి విషం. బట్టల సోడా కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే బుసబుసా నురగొచ్చి, అది ఆగాక అడుగున మడ్డి పేరుకుంటుంది. రాగి, ఇనుము చాలావరకు ఆ మడ్డిలోనే ఉంటాయి. డబ్బా సగం ఖాళీ ఉండగా చెయ్యండి, లేకపోతే నురగ పొంగి పొర్లుతుంది. మడ్డిని ఆరబెట్టి, సీసాలో మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వాలి.

బోర్డు టోన్ ఇస్తుందా?

గిటార్ వాళ్ల మధ్య ఎప్పుడూ తెగని చర్చ ఇది. పిసిబి కన్నా చేత్తో వైర్లు కట్టిన పెడల్ బాగా పలుకుతుందని, మందం రాగి వాడితే కింది స్వరాలు నిండుగా వస్తాయని, బంగారు పూత ఉంటే హై క్లియర్‌గా ఉంటుందని అంటుంటారు. లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల పొడవు, 35 మైక్రాన్ల మందం ఉన్న రాగి ట్రాక్ రెసిస్టెన్స్ సుమారు 0.024 ఓమ్. ఆ ట్రాక్ కలిపేది 8.2 కె, 33 కె, 100 కె రెసిస్టర్లని. ఒక్కో రెసిస్టర్‌కి ఐదు శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. అంటే 8.2 కె రెసిస్టర్ తనంతట తానే 400 ఓమ్‌లు తేడాగా ఉండొచ్చు. అక్కడ 0.024 ఎవరికి వినబడుతుంది? బోర్డు టోన్ ఇవ్వదు. చేతనైతే చెడగొట్టకుండా ఉంటుంది, అంతే.

చెడగొట్టడం ఎలాగో చూడాలి. గిటార్ పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) నుంచి వచ్చేది కొన్ని వందల మిల్లీవోల్టులు, మెల్లగా మీటితే ఇంకా తక్కువ. ఫజ్ దాన్ని నలిగి చదునయ్యేదాకా పెంచుతుంది. సిగ్నల్‌తో పాటు ఇన్‌పుట్ ట్రాక్ మీద వాలే ప్రతి చెత్తా అంతే పెరుగుతుంది. రెండు ట్రాక్‌లు పక్కపక్కన నడిస్తే మధ్యలో ఒక చిన్న కెపాసిటర్ తనంతట తానే పుడుతుంది. ఒక పికోఫారడ్ అనుకోండి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది 16 మెగ్ ఓమ్‌ల రెసిస్టర్‌తో సమానం. అదేం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ ఫజ్ ఫేస్‌లో మొదటి ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది, రెండోది మళ్లీ తలకిందులు చేస్తుంది. రెండుసార్లు తిరగబడితే సవ్యం. అంటే అవుట్‌పుట్ దగ్గరి సిగ్నల్ ఇన్‌పుట్‌తో ఒకే వైపు ఊగుతుంది. ఆ పెద్ద ఊపులో వీసమెత్తు ఇన్‌పుట్‌కి తిరిగొచ్చినా, ఉయ్యాలని సరైన క్షణంలో తోసినట్టు, తనని తాను పెంచుకుంటుంది. మైకుని స్పీకర్ ముందు పెడితే వచ్చే కూత ఇక్కడ డబ్బాలోనే వస్తుంది. ఇన్‌పుట్ ఒక చివర, అవుట్‌పుట్ రెండో చివర, మధ్యలో గ్రౌండ్ రాగి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పెద్ద గ్రౌండ్ లంక రెండో లాభం ఇదే. బోర్డు మీద ఇంత శ్రద్ధ పెట్టి, ఫుట్‌స్విచ్ దగ్గర ఇన్‌పుట్, అవుట్‌పుట్ వైర్లని జడలా పేనేవాళ్లున్నారు. అందం చూసి మోసపోకూడదు.

సిలికాన్ ట్రాన్సిస్టర్లు వాడిన ఫజ్‌కి ఇంకో అలవాటు ఉంది, మీడియం వేవ్ రేడియో పట్టడం. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంక్షన్ ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది), పొడవాటి గిటార్ కేబుల్ ఒక ఏరియల్. పాతకాలపు క్రిస్టల్ రేడియోకి కావాల్సినవి దాదాపు అవే. ఓ రాత్రి నేను గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించి ఊరుకుంటే ఆంప్‌లోంచి సన్నగా వార్తలు వినబడ్డాయి. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 100 పికోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఒకటి పెడితే ఆగిపోయాయి. లేఅవుట్ గీసేటప్పుడే రెండో, మూడో లంకల మధ్య ఆ కెపాసిటర్‌కి రెండు హోల్స్ వదిలేస్తే తర్వాత తంటాలుండవు.

ఇంతకీ అసలు ఫజ్ ఫేస్‌లో వాడింది జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటి శబ్దం మెత్తగా ఉంటుందని చెవికోసుకునేవాళ్లు చాలామంది. కానీ జర్మేనియంకి ఎండ పడదు. లోపల ఊరికే కారే లీకేజీ కరెంటు ప్రతి పది డిగ్రీలకి సుమారు రెట్టింపవుతుంది. లండన్ చలిలో సెట్ చేసిన బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీల అమరిక) మే నెల హైదరాబాద్‌లో నిలబడదు. మనకి బీసీ547 అనే సిలికాన్ ట్రాన్సిస్టర్ సుఖం. అందులోనూ ఎ గ్రూపుది తీసుకోండి, గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 110 నుంచి 220 మధ్య ఉంటుంది. సి గ్రూపుది 420 పైనే, ఈ సర్క్యూట్‌కి అంత పనికిరాదు. ట్రాన్సిస్టర్లలో పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ అని రెండు రకాలు, ఒకదానికొకటి కరెంటు ఎదురు దిశలో నడుస్తుంది. పాతవాటిలో ఎక్కువ పీఎన్‌పీ జర్మేనియం కాబట్టి ప్లస్ గ్రౌండ్. ఎన్‌పీఎన్ సిలికాన్‌కి మారితే బ్యాటరీ తిరగబడుతుంది, దాంతో పాటు ఎలక్ట్రోలిటిక్ (ప్లస్ మైనస్ కాళ్లున్న) కెపాసిటర్లూ తిరగబడతాయి. ఇన్‌పుట్ 2.2 మైక్రోఫారడ్ ప్లస్ కాలు ట్రాన్సిస్టర్ వైపు, ఫజ్ పాట్ దగ్గరిది పాట్ వైపు.

ఐరన్ పెట్టే ముందు, పెట్టాక

ఎచింగ్ అయ్యాక టోనర్‌ని థిన్నర్‌తో తుడిచి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి పక్కపక్క లంకల్ని ఒక్కొక్కటీ తాకి చూడండి. పది లంకల బోర్డుకి ఇది రెండు నిమిషాల పని. కంటికి కనబడని వెంట్రుకంత రాగి ఎక్కడో మిగిలి ఉంటుంది, బ్లేడుతో గీకెయ్యాలి. హోల్స్ రెసిస్టర్లకి, ట్రాన్సిస్టర్లకి 0.8, వైర్లకి 1 మిల్లీమీటరు. ప్యాడ్ మధ్యలో చిన్న చుక్కంత రాగి లేకుండా గీస్తే బిట్ జారకుండా అందులోనే కూర్చుంటుంది. ప్యాడ్‌లు రెండు మిల్లీమీటర్ల కంటే తగ్గించొద్దు. ఫ్యాక్టరీ బోర్డులో హోల్ లోపల కూడా రాగి పూత ఉంటుంది, మన బోర్డులో ఉండదు, పట్టంతా ప్యాడ్ మీదే.

సాల్డరింగ్ అయ్యాక 9 వోల్టులిచ్చి, గిటార్ పెట్టకముందే మూడు చోట్ల కొలవండి. మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 0.6 వోల్టులు, దాని కలెక్టర్ దగ్గర సుమారు 1.3, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 4.5. చివరిది సిలికాన్‌తో సాధారణంగా మూడు దగ్గరే ఆగిపోతుంది. అందుకే 8.2 కె బదులు 10 కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెసిస్టర్) పెట్టి, 4.5 వచ్చేదాకా తిప్పుకుంటాం. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 9 కనబడితే రెండో ట్రాన్సిస్టర్ బేసో ఎమిటరో అతకలేదని. ఏ టోన్ చర్చా ఈ మూడు అంకెలంత పనికిరాదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు వైపులా రాగి, పచ్చ పూత, తెల్ల అక్షరాలతో బోర్డులు ఇంటికే వస్తున్నాయి, ధర కూడా ఎక్కువేం కాదు. రెండు ఐసీలు దాటిన సర్క్యూట్ అయితే నేనూ అక్కడికే పంపుతాను. కానీ శనివారం సాయంత్రం ఒక కెపాసిటర్ మార్చి చూడాలనిపిస్తే, బోర్డు వచ్చేదాకా రెండు వారాలు ఆ కోరిక నిలవదు.

ఆ తిరగబడిన బోర్డుని పారేద్దామనుకుని ఆగాను. రెసిస్టర్లకి కుడి ఎడమలు లేవు. కెపాసిటర్ల ప్లస్ మైనస్‌లు ఏ లంక మీద ఏది ఉండాలో చూసుకుని పెడితే సరిపోతుంది. పాట్‌లకి వైర్లే కదా, ఎటైనా కలుపుకోవచ్చు. మిగిలింది ట్రాన్సిస్టర్లు. బీసీ547 కాళ్లు ఒకే వరసలో కలెక్టర్, బేస్, ఎమిటర్. అద్దంలో అది ఎమిటర్, బేస్, కలెక్టర్. దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పినా వచ్చేది అదే వరస. రెండు ట్రాన్సిస్టర్లనీ చదునైన ముఖం గోడవైపు పెట్టి సాల్డర్ చేశాను. ఐసీ ఉండి ఉంటే రాగివైపే అతకాల్సి వచ్చేది. మూత తీస్తే ఇప్పటికీ రెండూ అలిగినట్టు అటు తిరిగే ఉంటాయి, కలెక్టర్ దగ్గర మాత్రం కచ్చితంగా 4.5.